వానయు అనుమానమును



తెలుగున 'అనుమానము' అనగా సందేహము. సంస్కృత శాస్త్రములలో ఆ మాటకే నిశ్చయమునకు కొనిపోవు ప్రమాణమని అర్థము. ఒకే మాట రెండు భాషలలో ఇట్లు ఎదురెదురుగా నిలుచుట చిన్ననాట నాకు వింతగా తోచెడిది. ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగును సంస్కృతమును చెప్పి, ఇప్పుడు ఇంటిపట్టున నున్న నాకు ఆ రెండర్థములును నిజమేయనియు, రెంటికి నడుమ ఒక లెక్క కలదనియు బోధపడినది. ఆ బోధ కలిగించినది శాస్త్రపాఠము కాదు, వాన. వాన వచ్చునా రాదా యని మనుష్యులు ఎట్లు ఊహించిరి, ఆ ఊహకు లెక్క ఎట్లు కుదిరెను, ఆ లెక్క తెలియక నేనెట్లు పొరబడితిని అనునదే నేటి ప్రసంగము.

మా ఊరు కోనసీమలోనిది. మా నాన్నగారు వీథి అరుగుమీద కూర్చుండి నాకు తర్కసంగ్రహము చెప్పిరి. ఆ గ్రంథమును రచించిన అన్నంభట్టు ఆంధ్రుడే. అందు మొదట వచ్చు దృష్టాంతము మీకందఱకును తెలిసినదే. కొండమీద పొగ కనబడినది, కావున అక్కడ నిప్పు కలదు. పొగ యున్నచోటనెల్ల నిప్పుండును గనుక ఈ ఊహ చెల్లును. మఱి దీనినే తిరగవేసి, నిప్పు కలదు కావున పొగ కలదు అనవచ్చునా? అనరాదు. కొలిమిలో ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండునందు నిప్పు నిండుగా నున్నది, పొగ లేశమైనను లేదు. నిప్పునుండి పొగ పుట్టవలెనన్న పచ్చికట్టె తోడు కావలెను. ఇట్టి తోడునకు శాస్త్రమున 'ఉపాధి' యని పేరు. ఈ పాఠము చెప్పిన దినమున నాన్నగారు, "వాక్యమును తిరగవేయకురా. తిరగవేసితివా, చెడితివి" అనిరి. నేను తల యూపితిని. తల యూపినంత సులభముగా ఆ మాట లోపలికి దిగదని తెలియుటకు ఇరువదియేండ్లు పట్టినది.

వానను గూర్చిన ఊహ మన శాస్త్రములలో మిక్కిలి ప్రాచీనమైనది. గౌతముని న్యాయసూత్రములకు వాత్స్యాయనుడు వ్రాసిన భాష్యమున అనుమానపు తెగలను చెప్పుచు, మొదటి రెంటికిని వాననే దృష్టాంతముగా గైకొనెను. మబ్బులు క్రమ్ముట చూచి వాన రాగలదని ఊహించుట ఒకటి. ఇది కారణమునుండి కార్యమునకు నడచుట. ఏఱు నిండి వడిగా పాఱుట చూచి ఎగువను వాన కురిసినదని ఊహించుట రెండవది. ఇది కార్యమునుండి కారణమునకు మఱలుట. మబ్బునుండి వానకు పోవు త్రోవయు, వాననుండి మబ్బునకు వచ్చు త్రోవయు ఒక్కటి కాదని ఆ పెద్దలు ఆనాడే వేఱువేఱు పేళ్లు పెట్టిరి.

అంతటితో వారు ఊరకుండలేదు. తమ వాదమునకు తామే ఎదురువాదము కల్పించుకొనిరి. ఏఱు పొంగుట వానవలననే కానక్కఱలేదు, దిగువను అడ్డుకట్ట పడినను పొంగవచ్చును. చీమలు గ్రుడ్లు మోసికొని బారులు తీరినచో వాన వచ్చునందురు గాని, ఎవరైన పుట్టను కెలకినను అవి అట్లే పోవును. నెమలి కూసినదనుకొన్న కూత మనుష్యుడు అనుకరించిన కూత కావచ్చును. ఇన్ని తప్పుదారులుండగా అనుమానము ప్రమాణమెట్లగునని పూర్వపక్షము. దానికి సమాధానము చూడుడు: నిజమైన గుఱుతు వేఱు, దానిని పోలిన గుఱుతు వేఱు. నురుగుతో, ఆకులతో, పండ్లతో, కట్టెలతో వడిగా వచ్చు ప్రవాహమే ఎగువ వానకు గుఱుతు. ఊరక నిండిన ఏఱు కాదు. ఒకచోట బెదరి పరుగిడు చీమలు కావు, పలుచోట్ల గ్రుడ్లు మోయు చీమలే వానకు గుఱుతు. ఇది మేలైన సమాధానమే. కాని ఎంత శ్రద్ధగా చూచినను ఒక్కొక్కప్పుడు గుఱుతు తప్పును గదా! నూఱుమార్లు కనబడిన గుఱుతు ఎన్నిమార్లు నిజమాయెను? ఈ ప్రశ్నకు శాస్త్రమున అంకె లేదు.

క్రీస్తు తరువాత ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘగర్భమును గూర్చి విపులముగా వ్రాసెను. మేఘము గర్భము దాల్చిన 195 దినములకు వాన కురియునని ఆయన లెక్క. ఆ లక్షణములను రేయింబవళ్లు ఏమఱక గమనించవలెననియు చెప్పెను. గమనింపుమని చెప్పుట గొప్పమాటయే. కాని గమనించినవారు ఫలించిన గర్భములెన్ని, ఫలింపనివెన్ని యని రెండు వరుసలుగా వ్రాసి మనకు మిగిల్చిన పట్టిక ఏదియు ఆ గ్రంథమున లేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున వాననీటిని పాత్రలో పట్టి కొలుచు పద్ధతి కలదు. జాంగల దేశమునకు 16 ద్రోణములు, అశ్మక దేశమునకు పదమూడున్నర ద్రోణములు అని కొలతలును కలవు. ఆ అశ్మకము మన గోదావరీతీరమున బోధన ప్రాంతమని చరిత్రకారులు పలువురి అభిప్రాయము. కొలుచుట మనకు తెలిసినదే, గుఱుతులు వెదకుటయు తెలిసినదే. గుఱుతును కొలతను ఒక్క పట్టికలో ఎదురెదురుగా వ్రాయుటయే మిగిలిపోయెను.

ఆ పని చేయుటకు కావలసిన గణితము పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండున పుట్టెను. టన్‌బ్రిడ్జి వెల్సు అను ఊరిలో థామసు బేయీస్ అను క్రైస్తవ మతాచార్యుడుండెను. ఆయన 1761లో మరణించెను. ఆయన కాగితములలో దొరకిన వ్యాసమును మిత్రుడైన రిచర్డు ప్రైసు రాయల్ సొసైటీకి పంపగా 1763లో అది వారి పత్రికలో వెలువడెను. ఫ్రాన్సు దేశమున లాప్లాసు అను గణితవేత్త 1774లో ఇదే మార్గమును స్వతంత్రముగా కనుగొని విస్తరించెను. కార్యమును చూచి కారణమును ఊహించునపుడు ఆ ఊహకు ఎంత బలము కలదో అంకెలలో చెప్పుట ఎట్లు? ఇదియే వారి ప్రశ్న. మన వాత్స్యాయనుని రెండవ తెగ ఇదియే గదా!

ఆ లెక్కను బీజగణితము లేకుండ చీమలతోనే చెప్పెదను. ఇందలి అంకెలు పాఠముకొఱకు నేను కల్పించినవి. వానకాలమున నూఱు దినములు తీసికొందము. అందు 30 దినములు వాన కురిసినవి, 70 దినములు కురియలేదు. వాన దినములలో నూటికి 80 వంతున ముందుగా చీమలు గ్రుడ్లు మోసినవి. అనగా 24 దినములు. వాన లేని దినములలో నూటికి 20 వంతున ఊరకయే మోసినవి. అనగా 14 దినములు. చీమలు కనబడిన దినములు మొత్తము 38. అందు వాన కురిసినవి 24. కావున చీమలు కనబడిన దినమున వాన వచ్చు అవకాశము నూటికి 63.

ఇపుడు అవే చీమలను ఎండకాలమున చూతము. నూఱు దినములలో వాన 5 దినములే. ఆ అయిదింటిలో నూటికి 80 వంతున 4 దినములు చీమలు కనబడినవి. వాన లేని 95 దినములలో నూటికి 20 వంతున 19 దినములు కనబడినవి. మొత్తము 23 దినములలో వాన 4 దినములే. అవకాశము నూటికి 17. చీమలు మాఱలేదు, వాటి నేర్పు మాఱలేదు. మాఱినది కాలము. 'వాన కురిసినచో ముందు చీమలు కనబడును' అను వాక్యమునకు రెండు కాలములలోను విలువ 80యే. దానిని తిరగవేసిన 'చీమలు కనబడినచో వాన కురియును' అను వాక్యమునకు ఒక కాలమున 63, మఱియొక కాలమున 17. తిరగవేయకురా యని నాన్నగారు చెప్పిన మాటకు ఇది అంకెల వ్యాఖ్యానము. దీనినే నేటి గణితమున షరతుకు లోబడిన సంభావ్యత యందురు. షరతు ఏది, ఫలము ఏది యని ముందుగా విడదీసికొననిదే ఈ లెక్క సాగదు.

ఇక నా పొరపాటు చెప్పెదను.

అప్పటికి నేను ఉద్యోగమున చేరి కొన్ని యేండ్లైనది. మా అన్నగారు ఊరిలోనే యుండి ఉన్న రెండెకరముల మాగాణిని సాగు చేయుచుండిరి. కార్తికమాసపు చివర, వరి కోసి పనలు చేనిలో ఆఱవేసియున్నారు. సముద్రమున వాయుగుండము కలదు, కోస్తాలో భారీవర్షము కురియవచ్చునని రేడియోలో హెచ్చరిక వినబడినది. అన్నగారు నన్ను చూచి, "ఏమిరా, నీవు చదువుకొన్నవాడవు. కూలీలను పిలిచి కుప్ప వేయింతునా, వలదా? పనలు ఇంకను పూర్తిగా ఆఱలేదు" అని అడిగిరి. నేను వ్రేళ్లు మడిచి లెక్కించి, "అన్నయ్యా, నాకు గుఱుతున్న నాలుగు హెచ్చరికలలో మూడు మన ఊరికి తగులలేదు. నాలుగింట మూడువంతులు తప్పు మాటను నమ్మి కూలి దండుగ చేయనేల?" అంటిని. ఆయన నా మాట మన్నించిరి.

మూడవనాటి రాత్రి వాన మొదలైనది. రెండు దినములు ఎడతెగలేదు. నీరు తీసిన పిమ్మట చేనిలోనికి పోయి చూడగా పనలమీదనే గింజలు మొలకలెత్తియున్నవి. ఆ పులిసిన వాసన నాకు నేటికిని మఱపు రాదు. అన్నగారు నన్ను ఒక్క మాటయు అనలేదు. ఆ యేడు తిండిగింజలు కొనవలసి వచ్చినది, విత్తనము కొనవలసి వచ్చినది, అప్పు చేయవలసి వచ్చినది. నేను చేసిన లెక్కలో అంకె తప్పు లేదు. నాలుగింట ఒకటి యనుట నిజమే. మఱి తప్పు ఎక్కడ? ఇది నాకు చాలకాలము తెలియలేదు.

తెలిసినది అమెరికా దేశపు కథ యొకటి చదివినప్పుడు. ఆ దేశపు సైన్యమున సంకేతశాఖలో జాన్ ఫిన్లీ అను సార్జెంటుండెను. టోర్నడో యనెడి భయంకరమైన సుడిగాలి ఏ ప్రాంతమున రాగలదో, ఎక్కడ రాదో ముందుగా చెప్పుటకు ఆయన 1884లో మార్చి మొదలు ప్రయోగములు చేసెను. మొత్తము 2,803 జోస్యములు. అందు వచ్చునని చెప్పినవి 100; వాటిలో నిజముగా వచ్చినవి 28, రానివి 72. రాదని చెప్పినవి 2,703. వాటిలో వచ్చినవి 23, రానివి 2,680. సరియైనవి 28యు 2,680యు కలిపి 2,708. అనగా నూటికి దాదాపు 97 నిజము! ఇంతకన్న ఏమి కావలెను?

ఆ సంవత్సరమే గిల్బర్టు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఒక చిన్నమాట అడిగెను. ఏమియు తెలియనివాడు కన్నులు మూసికొని ప్రతిదినము 'రాదు, రాదు' అనినచో ఎన్ని నిజమగును? సుడిగాలి రానివి 2,752. అనగా నూటికి 98కి పైగా! ఊరక కూర్చున్నవాడు ఫిన్లీని మించిపోయెను. కాని ఊరక కూర్చున్నవానివలన ఒక్క ప్రాణమైనను నిలుచునా? కావున నూటికి ఎన్ని నిజమని మొత్తముగా అడుగుట తగినది కాదని తేలెను. రాని దినములు కోకొల్లలు గనుక వాటి రాశిలో వచ్చిన దినములు మునిగిపోవును.

అడుగవలసిన ప్రశ్నలు వేఱు. వచ్చిన 51 సుడిగాలులలో ఎన్నింటిని ముందు చెప్పగలిగెను? 28, అనగా నూటికి 55. రాని 2,752 మార్లలో ఎన్నిసార్లు ఊరక బెదరించెను? 72, అనగా నూటికి 3 కంటె తక్కువ. ఈ రెంటి తేడాయే జోస్యపు నేర్పునకు కొలత యని తత్త్వవేత్తయైన చార్లెసు పియర్సు ఆ 1884లోనే సూచించెను. ఇక వినువానికి కావలసిన ప్రశ్న మఱియొకటి. వచ్చునని చెప్పినప్పుడు నిజముగా వచ్చు అవకాశమెంత? నూటికి 28. ఏమియు చెప్పక ముందు ఎంత? 2,803కి 51, నూటికి రెండైనను లేదు. అనగా హెచ్చరిక విన్నంతనే అపాయము పదునైదు రెట్లైనది.

శ్రోతలారా, ఆ పట్టికను చూచినప్పుడు నాకు మా అన్నగారి చేను కనబడినది. నూటికి 28 అనగా ఇంచుమించు నాలుగింట ఒకటి. నేను నాలుగింట ఒకటిని 'లేదు' అని చదివితిని. హెచ్చరిక లేని దినములతో దానిని పోల్చనే లేదు. అంతకన్న పెద్ద తప్పు మఱొకటి. కుప్ప వేయుటకు అయ్యెడి కూలియు, పచ్చిపనలు కుప్పలో వేడెక్కుటవలన కలిగెడి తఱుగుదలయు కలిపి ఒక భాగమనుకొందము. పంట విలువ పది భాగములు. నాలుగు హెచ్చరికలకును కుప్ప వేసినచో నాలుగు భాగములు ఖర్చు. నాలుగింటికిని వేయకున్నచో మూడుసార్లు లాభమే, నాలుగవసారి పది భాగములు నష్టము. అనగా ఒకటికి పది యున్నచోట, అవకాశము పదింట ఒకటికి మించెనా, మేలుకొనవలసినదే. నాలుగింట ఒకటి అంతకు ఎంతయో ఎక్కువ. హెచ్చరిక నిజమా అబద్ధమా యని నేను విచారించితిని. ఈ హెచ్చరికకు ఈ ఖర్చు తగునా యని విచారించవలసియుండెను.

అమెరికాలో ఆ తరువాత జరిగినది కూడ వినుడు. జనము బెదరుదురని, ప్రభుత్వపు ప్రకటనలలో టోర్నడో యను మాటను వాడుటయే మానిరి. 1938లో గాని ఆ నిషేధము సడలలేదు. 1948 మార్చి 20న ఓక్లహామాలోని టింకర్ విమానస్థావరమును అట్టి సుడిగాలి పాడుచేసెను. ఆకాశలక్షణములు అట్లే మఱల కుదిరినవని కనిపెట్టి, అక్కడి సైనికోద్యోగులు ఫాబుష్, మిల్లరు అనువారు 25వ తేదీన హెచ్చరిక చేసిరి. ఆ సాయంకాలమే సుడిగాలి వచ్చినది. విమానములను ముందే భద్రపఱచిరి గనుక నష్టము తగ్గినది. తప్పు జోస్యమునకు జంకి నోరు మూసికొన్న ఏండ్లలో ఎన్ని ప్రాణములు పోయెనో చెప్పగలవారెవరు?

మన దేశపు వృత్తాంతమును ఇట్టిదే. 1864 అక్టోబరు 5న కలకత్తాను, ఆ నవంబరు 1వ తేదీ రాత్రి మన మచిలీపట్టణమును తుపానులు ముంచెత్తినవి. బందరు ప్రాంతమున 30,000 మంది మృతి చెందిరని లెక్క. 1866లోను 1871లోను వానలు తప్పి కఱవులు వచ్చినవి. ఈ దెబ్బలు తగిలిన పిమ్మట 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడెను. హెన్రీ బ్లాన్‌ఫర్డు దానికి మొదటి అధికారి. హిమాలయములపై మంచు మిక్కుటముగా పడిన యేడు ఋతుపవనము బలహీనమగునని ఆయన 1884లో వ్రాసెను. 1886లో ఆ ఆధారముతో మొదటి దీర్ఘకాల జోస్యము వెలువడెను. ఇదియును 'మంచు పడినచో' అను షరతుతో కూడినదే.

1904 మొదలు 1924 వఱకు గిల్బర్టు వాకరు ఆ శాఖకు అధిపతి. ఆయన కేంబ్రిడ్జిలో గణితమున ప్రథముడుగా నిలిచినవాడు. భూగోళమున నలుమూలల ఒత్తిడి, వేడిమి, వాన కొలతలను తెప్పించి, ఏది పెరిగిన ఏది తరుగునో లెక్కలు కట్టించెను. పసిఫిక్ సముద్రముమీద ఒత్తిడి హెచ్చినప్పుడు హిందూ సముద్రముపై తగ్గుననియు, అది తగ్గిన ఇది హెచ్చుననియు కనిపెట్టి దానికి దక్షిణ డోలనమని పేరు పెట్టెను. అదియే తరువాతి కాలమున ఎల్ నినో యను మాటతో కలిసి మన రైతుల నోటికెక్కినది.

ఇక్కడను తిరగవేయు దోషము పొంచియున్నది. పెద్ద కఱవు వచ్చిన యేండ్లను చూచినచో పెక్కింట ఎల్ నినో యున్నది. 2002లో ఉన్నది; ఆ యేడు దేశమున వాన నూటికి 19 వంతులు తగ్గినది. 2009లో ఉన్నది, నూటికి 22 వంతులు తగ్గినది. దీనిని తిరగవేసి, ఎల్ నినో వచ్చినది కావున కఱవు తప్పదనినచో, 1997 ఎదురు నిలుచును. ఆ యేటి ఎల్ నినో మహాబలమైనది. మన దేశపు వానమాత్రము సగటునకు కొంచెము ఎక్కువయే. ఇనుపగుండులో నిప్పుండియు పొగ లేనట్లు, బలమైన కారణముండియు కార్యము కలుగలేదు. హిందూ సముద్రపు వేడిమి మొదలైన ఉపాధులు వేఱుగ నున్నవి. మన తార్కికుల పచ్చికట్టె ఇక్కడ సముద్రముమీద తేలుచున్నది.

ఇంటనుండు స్త్రీలకును, వడియములు పెట్టు అమ్మలకును పనికివచ్చు లెక్క యొకటి చెప్పి ముగించెదను. వాన దినములు నాణెము ఎగురవేసినట్లు ఒకదానితో ఒకటి సంబంధము లేక రావు. గుంపులుగా వచ్చును. ఇజ్రాయేలు దేశపు టెల్ అవీవ్ నగరమున, అక్కడి శీతకాలమే వానకాలము గనుక, 27 వానకాలముల కొలతలను గాబ్రియేల్, న్యూమన్ అను ఇద్దరు 1962లో పరిశీలించి ప్రకటించిరి. నేడు వాన కురిసినచో రేపు కురియు అవకాశము నూటికి 66. నేడు కురియకున్నచో రేపు కురియు అవకాశము నూటికి 25. ఆ ఊరిలో ఒక అమ్మకు వడియములు ఎండుటకు వరుసగా రెండు పొడిదినములు కావలెననుకొనుడు. నేడు పొడిగా నున్నచో రేపు పొడి 75, ఆ మఱునాడును పొడి అందులో 75 వంతు. గుణించిన నూటికి 56. నేడు వాన కురిసియున్నచో రేపు పొడి 34, మఱునాడు అందులో 75 వంతు. గుణించిన నూటికి ఇంచుమించు 25. పిండి ఒక్కటే, ఆకాశము ఒక్కటే, నేటి దినమును చూచి అడుగుటలో రెండింతల తేడా వచ్చినది. ఇవి ఆ ఊరి అంకెలు. మన ఊరి అంకెలు కావలెనన్న మన పిల్లలే ఒక నోటుపుస్తకమున నాలుగు గళ్లు గీసి, ఒక వానకాలము పొడవున వ్రాసికొనవలెను. నేటి వాన, రేపటి వాన. నేటి వాన, రేపటి పొడి. నేటి పొడి, రేపటి వాన. నేటి పొడి, రేపటి పొడి. నాలుగు గళ్లు చాలును.

నేడు చేతిలోని ఫోనులో వాన నూటికి 40 అని కనబడుచున్నది. కురిసినచో 'చూచితిరా' అందురు, కురియకున్నచో 'అబద్ధము' అందురు. రెండును తగవు. నేటివంటి దినములు నూఱు వచ్చినచో నలుబదింట కురియునని దాని అర్థము. ఒక్క దినమును చూచి అది నిజమనరాదు, అబద్ధమనరాదు. నూఱు దినములు చూచి లెక్క తేల్చవలెను.

మా చేను మునిగిన వాన చిన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పెద్దది, నేనప్పుడు విద్యార్థిని. పదివేల ప్రాంతమున ప్రాణములు పోయినవని లెక్క. 1990 మే 9న మఱల అట్టి బలముగల తుపానే కృష్ణ ముఖద్వారముచెంత తీరము దాటినది. ముందుగా హెచ్చరించి లక్షమందికి పైగా జనమును తరలించిరి. మృతులు వేయికి లోపే. ఆ తరలిపోయినవారిలో ఇల్లు చెక్కుచెదరక నిలిచినవారును ఉందురు. వారు ఊరక పోతిమని వగవనక్కఱలేదు. కుండను వదలి, గొడ్డును వదలి పోవుట ఖర్చే. కాని ఆ ఖర్చునకు ఎదుట త్రాసులో నున్నది ప్రాణము.

మా పంట పోయిన కొన్నియేండ్లకు, అట్లే పనలమీదనుండగా మఱల హెచ్చరిక వచ్చినది. ఈసారి అన్నగారు అడుగకమునుపే నేను పోయి, ఫిన్లీ కథ చెప్పి, కుప్ప వేయింపుమని బ్రతిమాలితిని. కూలీలకు రెట్టింపు ఇచ్చి చీకటి పడువఱకు వేయించితిమి. వాన రాలేదు. చుక్క పడలేదు. మఱునాడు తెల్లవాఱి ఎండ పెళపెళ కాయుచుండగా నేను సిగ్గుపడి అన్నగారి ముఖము చూడలేకపోతిని. ఆయన కుప్పకు చేరగిలబడి చుట్ట వెలిగించుకొని, "ఏమిరా, ఆ మూడింటిలో ఇది యొకటి గదా!" అనిరి. నలువదియేండ్లు పొలము చేసిన మనుష్యుడు నా పట్టికను నాకంటె చక్కగా చదివెను.

ఆయన ఇప్పుడు లేరు. వానకాలము వచ్చినప్పుడెల్ల ఆ మాట నాకు జ్ఞప్తికి వచ్చును.